అమ్మకు మిగిలిన మాట

ఆ ఎండాకాలం మా అమ్మకి ఒక్క మాటే మిగిలింది. "వద్దు."

మంచినీళ్ళు కావాలన్నా వద్దు. ఫ్యాను వెయ్యమన్నా వద్దు, ఆపమన్నా వద్దు. ఆకలేసినా వద్దే, కడుపు నిండినా వద్దే. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. వాటితో పాటే మాటలన్నీ పోయి, ఎందుకో ఇదొక్కటి నాలుక మీద ఉండిపోయింది. ఆస్పత్రి నుంచి వారానికోసారి ఒకావిడ వచ్చి మాటలు పలికించడానికి ప్రయత్నించేది. మేం ఆవిణ్ణి మాటల టీచరనే వాళ్ళం. ఇలా కొందరికి జరుగుతుందనీ, ఆ మాట అమ్మ కావాలని అనడం లేదనీ, నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందనీ చెప్పింది. అవును, కాదు అని రెండు బొమ్మలు తెచ్చి ముందు పెడితే అమ్మ రెండింటినీ ఎడంచేత్తో కలిపి పక్కకి నెట్టేసింది. "మాట సంగతి వదిలెయ్యండి. మనిషిని చూడండి," అంది టీచరు నాతో.

చూడగా చూడగా నాకు పట్టుబడింది. నీళ్ళు కావాలన్నప్పుడు వద్దు చివర కొంచెం సాగేది. ఒంట్లో బాగోకపోతే గొంతులోనే ఆగిపోయేది. నా పిల్లల మీద ముద్దొచ్చినప్పుడు అదే మాట రెండుసార్లు, నవ్వుతో కలిపి. నిజంగా వద్దన్నప్పుడు మాత్రం ఏ సాగదీతా ఉండేది కాదు. కళ్ళు ఎదుటి మనిషి మీదే ఉండేవి. మా ఆయన ఎలక్ట్రీషియను, రోజంతా ఊళ్ళోవాళ్ళ ఫ్యాన్లు బాగుచేసి ఇంటికొచ్చేవాడు. ఆయనా మొదట్లో సరదాగానే తీసుకున్నాడు. "పెళ్ళయినప్పట్నుంచీ నువ్వు నాకు చెబుతున్న సమాధానమే కదా, కొత్తేముంది," అనేవాడు నాతో. అమ్మ నోరు ఒక పక్కకే సాగి నవ్వేది.

అంతకుముందు ఆవిడ నోటికి తాళం వేసినవాళ్ళు లేరు. నాన్నది బేకరీ. వెనకాల ఓవెన్ దగ్గర నాన్న, ముందు కౌంటర్లో అమ్మ. బ్రెడ్డు కొనడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో సంగతులన్నీ చెప్పుకుని పోయేవాళ్ళు. ఎవరి కోడలు పుట్టింట్లో ఉందో, ఎవరి మోకాలు ఎక్కడ ఆపరేషనైందో అమ్మకి తెలియనిది లేదు. నాన్నకి ఆ మాటలంటే చిరాకు. ఆయన నోటి నుంచి మాట రావాలంటే గగనం. అమ్మని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఇదిగో" అంటే అమ్మ, "ఇదిగో చూడు" అంటే కోపం.

అమ్మ ఎలా పడిపోయిందో మా అందరికీ తెలుసు, ఎవరమూ మాట్లాడుకోలేదు. ముందురోజు రాత్రి ఇద్దరికీ మాటామాటా వచ్చింది. వేసవి సెలవుల్లో నా దగ్గరికొచ్చి పది రోజులుంటానంది అమ్మ. కౌంటర్లో ఎవరు నిలబడతారన్నాడు నాన్న. అలిగితే అమ్మ వెనకాల స్టోర్ రూంలో మైదా బస్తాల మీద కూర్చునేది, అది ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. మర్నాడు తెల్లవారుతూనే షాపు తీసి, కాగితం సంచులకని స్టోర్ రూంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. నాన్న వెళ్ళి చూశాడు. బస్తాలకి ఆనుకుని కూర్చుని ఉంది. అలక అనుకున్నాడు. పొద్దున పూట జనం విరగబడతారు మా షాపులో. కౌంటరూ ఓవెనూ రెండూ తనే చూసుకున్నాడు. జనం పల్చబడ్డాక, మధ్యాహ్నం కావస్తుండగా మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి అమ్మ నోరు ఒక పక్కకి వాలిపోయి, చొంగ కారుతోంది.

ఆస్పత్రిలో డాక్టరు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాన్న అబద్ధమాడే మనిషి కాదు. తెల్లారే చూశాననీ, అప్పటికే కూర్చుని ఉందనీ చెప్పాడు. డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. అప్పుడే తీసుకొచ్చుంటే చాలా వరకు దక్కేదని అన్నాడు. నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఆరిన పిండి ఇంకా అలాగే ఉంది.

బేకరీ పైన మా పాత ఇంటికి నిటారుగా మెట్లు. అమ్మని పైకి ఎక్కించడం అయ్యే పని కాదని ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికి తీసుకొచ్చాను. నేను స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. అప్పుడే సెలవులిచ్చారు. స్కూళ్ళు తెరిచేదాకా ఫరవాలేదనుకున్నాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

నాన్న ఆదివారాలు వచ్చేవాడు. బ్రెడ్డు, మెత్తటి బన్నులు, అమ్మ నమలగలదని పాలల్లో నానే రస్కులు తెచ్చేవాడు. కుర్చీ అంచు మీద కూర్చుని నన్ను అడిగేవాడు. తిన్నదా, నిద్రపోయిందా, కాలు కదుపుతోందా. అమ్మ ఎదురుగానే ఉండేది, గోడకేసి చూస్తూ.

"అమ్మనే అడుగు నాన్నా," అన్నాను ఒకసారి.

"ఏమడిగినా ఒకటే అంటుంది కదమ్మా," అన్నాడు.

కాసేపుండి వెళ్ళిపోయేవాడు. ఆయన వెళ్ళాక అమ్మ ఒళ్ళు సడలేది. భుజాలు దిగేవి. అది నేను గమనించాను. గమనించి, జావ కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

*

ఆ ఆలోచన మా తమ్ముడిది. వాడు ఫంక్షన్లకి స్టేజీ డెకరేషన్ చేస్తాడు. పూలు, లైట్లు, మైకు, కుర్చీలు, అన్నీ వాడే. ఈ మధ్య కొత్తగా పెద్దవాళ్ళు పెళ్ళిరోజుకి మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నారనీ, ఒకరికొకరు ప్రమాణాలు చెప్పుకుంటున్నారనీ, ఆ పెళ్ళిరోజుకి అంతకంటే మంచి గిఫ్టు ఉండదనీ అన్నాడు. ఇంకో నెలలో అమ్మానాన్నల నలభయ్యో పెళ్ళిరోజు. షాపు ఒకపూట మూసేసి అక్కడే చేద్దామన్నాడు.

నాన్న ఇలాంటివి ఒప్పుకుంటాడా అని నవ్వాను.

"నేను అడక్కముందే ఒప్పుకున్నాడక్కా. నేను ఊరికే చెబుతుంటే, ఎప్పుడు చేద్దామన్నాడు. అమ్మకిదే తన గిఫ్టన్నాడు. ఆ రోజే ఇంటికి తీసుకెళ్ళిపోతాడట. అన్నీ తనే చూసుకుంటాట్ట."

నా లోపల ఏదో బరువు దిగింది. స్కూళ్ళు తెరవడానికి ఎన్నాళ్ళో లేదు. నడుం పట్టేసి ఉంది. రాత్రిళ్ళు అమ్మని పక్కకి తిప్పడానికి లేచి లేచి, పగలు నిలబడే నిద్రపోతున్నాను. మా ఆయన హాస్యాలు మానేశాడు. పిల్లలు ఇద్దరూ ముందుగదిలో నేల మీద పడుకుంటున్నారు. ఒక రాత్రి ఆయన లైటు తీసేసి, చీకట్లో, "సెలవులయ్యేదాకా అన్నావు," అన్నాడు. తప్పుగా అనలేదు. అలిసిపోయి అన్నాడు.

అమ్మకి ముందే చెబుదామన్నాను తమ్ముడితో. గిఫ్టు ముందే చెప్పేస్తే ఇంకేం గిఫ్టన్నాడు వాడు. అమ్మ ఆ రోజు ఏడవాలట, ఆనందంతో. ఇలాంటివి చాలా చూశాట్ట. సరేనన్నాను.

వారం ముందు, ఏం కావాలో చూద్దామని బేకరీకి వెళ్ళాను. షాపులో ఎవరూ లేరు. వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని ఆగాను. బల్ల మీద పిండి పిసుకుతూ, పిండికేసి చూస్తూ, చిన్నపిల్లాడు పాఠం ఒప్పజెప్పినట్టు అంటున్నాడు.

"ఇక మీదట నీ మాట కాదనను. నీ చెయ్యి వదలను. నువ్వు పిలిస్తే... నువ్వు పిలిస్తే..."

మర్చిపోయాడు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. తమ్ముడు రాసిచ్చిన వాక్యాలు. ఆ మనిషి నోట్లో ఆ మాటలు కొత్త చెప్పుల్లా ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. వెనక్కి వెళ్ళి షట్టరు చప్పుడు చేసి, అప్పుడే వచ్చినట్టు లోపలికొచ్చాను.

నన్ను చూసి నాన్న చేతులు తుడుచుకున్నాడు. "రా, ఒకటి చూపిస్తా," అన్నాడు. నన్ను స్టోర్ రూం దగ్గరికి తీసుకెళ్ళాడు.

బస్తాలు లేవు. గోడలకి లేత పసుపు రంగు వేయించాడు. మంచం, కొత్త పరుపు, పట్టుకుని లేవడానికి గోడకి ఒక ఇనప కడ్డీ. పక్కనే చిన్న బాత్‌రూం కట్టించాడు. ఓవెన్ గదికీ దీనికీ మధ్య గోడ పగలగొట్టి కిటికీ పెట్టించాడు. ఆ కిటికీకి తలుపుల్లేవు.

"పైకి ఎక్కలేదు కదా. ఇక్కడైతే మెట్లుండవు," అన్నాడు. "నేను ఓవెన్ దగ్గరున్నా తను కనబడుతుంది. ఏ కాస్త తేడా వచ్చినా చూసుకోవచ్చు."

నేను మంచం వైపు చూశాను. సరిగ్గా బస్తాలు ఉండే చోటే, ఆ గోడకి ఆనించే వేయించాడు. నోరు తెరిచాను. ఆయన మొహం చూశాను. పళ్ళెంలో ఏదో తెచ్చి ముందు పెట్టి, తింటారా లేదా అని చూస్తున్న మనిషి మొహం అది.

"బాగుంది నాన్నా," అన్నాను.

*

పెళ్ళిరోజు పొద్దున అమ్మకి స్నానం చేయించి, నీలం రంగు కొత్త చీర కట్టి, తల దువ్వుతూ చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. తమ్ముడు ఏమేం ఏర్పాట్లు చేశాడో, నాన్న ఎలా బట్టీ పడుతున్నాడో చెప్పాను. షాపు వెనక గది సంగతి కూడా చెప్పాను, మామూలుగా చెబుతున్నట్టు. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటా అనలేదు. దువ్వెన మాత్రం నా చేతిలోంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు ఇవ్వలేదు.

తమ్ముడు వ్యాను తెచ్చాడు. చక్రాల కుర్చీతో సహా ఎక్కించి తీసుకెళ్ళాం.

షాపుని గుర్తుపట్టలేం. కౌంటరు పక్కకి జరిపి, అద్దాల బీరువాల మీద తెల్లపూలు గుత్తులుగా కట్టాడు. ఓ ముప్ఫై కుర్చీలు. రోజూ బ్రెడ్డు కొనేవాళ్ళు, పక్క షాపులవాళ్ళు, ఇరుగుపొరుగు. అమ్మని చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఒకావిడ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే కౌంటరు బోసిపోయిందమ్మా అంది. అమ్మ రెండుసార్లు వద్దు వద్దు అని నవ్వింది. మంచి రోజే అనుకున్నాను.

పక్క షాపు టైలరు నాన్నకి చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. మేం టైలర్ మావయ్య అంటాం. పెద్దమనిషిగా ఆయన్ని నిలబెట్టారు. ఆయన నాలుగు మాటలు మాట్లాడాడు. ఈ ఇద్దరి మధ్యా పోట్లాట వస్తే గోడవతల తన కుట్టుమిషను కూడా ఆగిపోయేదనీ, అమ్మ మాట్లాడితే నాన్న ట్రేలు చప్పుడు చేసేవాడనీ చెబితే అందరూ నవ్వారు. ఆ తర్వాత మైకు నాన్నకిచ్చాడు.

నాన్న మైకు వద్దని పక్కన పెట్టేశాడు. అమ్మ కుర్చీ ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. రెండుసార్లు చొక్కా అంచు లాక్కున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఇక మీదట నీ మాట కాదనను. నీ చెయ్యి వదలను. కష్టం వస్తే ముందు నేనుంటాను. నువ్వు పిలిస్తే పలుకుతాను."

"వద్దు," అంది అమ్మ.

కుర్చీల్లో అభిమానంగా నవ్వులు వినిపించాయి. అమ్మ సంగతి అందరికీ తెలుసు. "అంటే సరేనని," అన్నాడు టైలర్ మావయ్య గట్టిగా. తమ్ముడు చప్పట్లు మొదలుపెట్టాడు. నేను అమ్మ కుర్చీ వెనకాల ఉన్నాను. నాకు ఆవిడ మొహం కనబడటం లేదు, గొంతు మాత్రం వినబడింది. సాగదీత లేదు.

నాన్న చప్పట్లు ఆగేదాకా ఆగాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని, నేను ఎప్పుడూ చూడనిది. కిందికి వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ మొహానికి ఎదురుగా తన మొహం పెట్టి అడిగాడు. "ఈ గది వద్దా?"

అమ్మ వెనక గది వైపు చూసింది. తలుపు తీసే ఉంది. పసుపు గోడ, మంచం కోడు కనబడుతున్నాయి. మళ్ళీ నాన్నని చూసింది.

"నేనా?"

"వద్దు," అంది. గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు.

నాన్న కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. పడకుండా ఆసరా కోసం పట్టుకున్నాడు అంతే.

"సరే," అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, "ఆపెయ్యిరా. మీ అమ్మ వద్దంటోంది," అన్నాడు.

"నాన్నా, అమ్మకి వచ్చేదే ఆ ఒక్క మాట," అన్నాడు తమ్ముడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"తెలుసు."

లోపలికెళ్ళి ట్రేలు తెచ్చాడు. ఆ పొద్దునే చేసిన కేకు, బన్నులు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పెట్టాడు. తినకుండా ఎవరినీ వెళ్ళనివ్వలేదు. కాగితం పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆయన అమ్మని వ్యానెక్కించి ఇంటికి తీసుకెళ్ళాడు.

అందరూ వెళ్ళాక తమ్ముడు పూలు పీకి సంచిలో కుక్కుతూ నాన్నని చాలా మాటలన్నాడు. నలుగురిలో తలెత్తుకోలేకుండా చేశావన్నాడు. అమ్మకి బుర్ర సరిగ్గా పనిచేయదనీ, ఆవిడ మాట పట్టుకుని ఇంతమందిలో అభాసుపాలయ్యామనీ అన్నాడు. ఆఖరికి, మరి ఇప్పుడు అక్క ఏం చేస్తుందని అడిగాడు. నాన్న ట్రేలు తుడుస్తూనే ఉన్నాడు. వాడు విసురుగా వెళ్ళిపోయాడు.

నేను చీపురు తీసుకున్నాను. నాన్న నా చేతిలోంచి అది తీసుకుని ఓ మూల పెట్టి, కూర్చోమన్నాడు. తనూ ఖాళీ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్నాడు.

"ఆ రోజు స్టోర్ రూంలో నేను వెళ్ళి చూసినప్పుడు మీ అమ్మ మాట్లాడింది," అన్నాడు. "డాక్టరుతో చెప్పలేదు. ఆయన అడగలేదు."

నేను కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాను.

"లేచి రా, జనం వస్తున్నారన్నాను. వద్దంది. ఎంతసేపు కూర్చుంటావో కూర్చో అని వచ్చేశాను. వెనకనుంచి మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. నేను ట్రేలు తీస్తుంటే వినబడుతూనే ఉంది. వద్దు, వద్దు అని. ఎంత పొగరని అనుకున్నాను." ఆగాడు. "అప్పటికే ఆ ఒక్క మాటే మిగిలింది దానికి. నన్ను పిలుస్తోంది. అప్పుడు పిలిస్తే వద్దంటోందనుకున్నాను. ఇవాళ నిజంగా వద్దంటే, వీళ్ళంతా సరేనని అంటున్నారు."

ఓవెన్ ఇంకా వేడిగానే ఉన్నట్టుంది, వెనకనుంచి సెగ కొడుతోంది. నాన్న ఏడవలేదు. మోకాళ్ళ మీద చేతులు బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఓదార్చాలని నాకు అనిపించలేదు. తిట్టాలనీ అనిపించలేదు. అమ్మకి మందులేసే టైమైందని చెప్పి లేచి వచ్చేశాను.

*

స్కూళ్ళు తెరిచారు. నేను లైబ్రరీ తాళాలు ఇచ్చేసి వచ్చాను. మా ఆయన ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు, పొద్దున్నే లేచి అమ్మ మంచానికి పట్టుకోడానికి ఒక కడ్డీ బిగించాడు. ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నాన్న రావడం మానేస్తాడనుకున్నాను. రోజూ రావడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం షాపు పని అయ్యాక వచ్చి, గుమ్మంలో చెప్పులు వదిలి, అమ్మ గదిలోకి వెళ్ళకుండా వంటింట్లోంచి పెరట్లోకి పోయేవాడు. అమ్మ దుప్పట్లు రోజుకి మూడు నాలుగు తడిసేవి. నేను బకెట్లో వేసి ఉంచేదాన్ని. ఒకరోజు చూసేసరికి ఆయన కుళాయి కింద కూర్చుని ఉతుకుతున్నాడు. జీవితంలో తన చొక్కా కూడా ఉతుక్కోని మనిషి. పిండి పిసికిన చేతులు కదా, ఉతికిన దుప్పటి పిండితే చుక్క నీరు మిగిలేది కాదు. వద్దు నాన్నా, నేను చేసుకుంటానంటే వినిపించుకోలేదు. ఆరేసి, ముందురోజు ఆరినవి మడతపెట్టి, గది తలుపు బయట స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

అమ్మకి తెలుసు. కుళాయి చప్పుడు ఆ గదిలోకి వినబడుతుంది. ఉతుకుతున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉండేది. ఒకసారి నేను, "నాన్న," అన్నాను. పిలవనా అన్నట్టు చూశాను. అమ్మ ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుంది. దానికి నేను ఏ అర్థమూ పెట్టుకోలేదు. అప్పటికి అర్థాలు పెట్టడం మానేశాను.

స్కూళ్ళు తెరిచినా వానలు రాక, ఎండలు తగ్గని ఆ రోజుల్లో రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి ఆ ఒక్క మాటా పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మాటల టీచరు ఒకసారి వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. మళ్ళీ రానవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

తమ్ముడు వచ్చాడు. పెళ్ళిరోజు తర్వాత రావడం అదే. నా మొహం చూసి వాడికి నిజంగానే బాధ కలిగింది. వాకిట్లో నాన్నతో నెమ్మదిగా మాట్లాడాడు. అక్క చచ్చిపోయేలా ఉందన్నాడు. గది సిద్ధంగానే ఉందిగా, అమ్మని తీసుకెళ్ళిపోదాం, మనిద్దరం చూసుకుందాం, నర్సుని పెడదాం అన్నాడు. ఇప్పుడు అమ్మకి ఏ గదైనా ఒకటే, అభ్యంతరం చెప్పేవాళ్ళెవరూ లేరు కదా అన్నాడు.

"చెప్పిందిగా," అన్నాడు నాన్న.

"ఎప్పుడు?"

"చెప్పగలిగినప్పుడు."

తమ్ముడు నాకేసి చూశాడు, నేనైనా ఏదో అంటానని. నిజానికి ఆ క్షణంలో తీసుకుపొమ్మనే ఉంది నాకు. ఒళ్ళంతా అదే అంటోంది. తడిసిన దుప్పటి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న వచ్చి ఆ దుప్పటి తీసుకున్నాడు.

"రాత్రిళ్ళు నర్సు ఇక్కడికే వస్తుంది. నేను మాట్లాడాను," అన్నాడు నాతో. "నువ్వు పడుకో."

ఆ వారమే బేకరీకి వెళ్ళినప్పుడు చూశాను. ఆ గదిలో మంచం లేదు. మళ్ళీ బస్తాలు వచ్చి చేరాయి. కిటికీ అలాగే ఉంది.

మొదటి వానలు పడిన రోజు అమ్మ పోయింది. మధ్యాహ్నం. నర్సు వెళ్ళిపోయింది, మా ఆయన పనిలో ఉన్నాడు, పిల్లలు స్కూల్లో ఉన్నారు. నేను పక్కనే కూర్చుని గోళ్ళు తీస్తున్నాను. మూడో వేలు దగ్గర, ఊపిరి తీసుకుంది గానీ వదల్లేదు. చాలాసేపు చెయ్యి పట్టుకునే ఉన్నాను. తర్వాత మిగతా గోళ్ళు కూడా తీశాను.

నాన్న తన వేళకే వచ్చాడు, తడిసిపోయి. చెప్పులు వదిలి వంటింటి వైపు వెళ్ళబోతుంటే పిలిచాను. నా గొంతుతోనే తెలిసిపోయింది ఆయనకి. గది గుమ్మం దాకా వచ్చాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"రా నాన్నా," అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. అమ్మనే చూస్తున్నాడు. గుమ్మానికి అవతలే నిలబడి, అమ్మ పేరు పెట్టి పిలిచాడు. నేను పుట్టాక అదే మొదటిసారి వినడం.

"లోపలికి రానా?" అని అడిగాడు.

అడిగి ఆగాడు. జవాబు వచ్చేదాకా ఆగే మనిషిలాగే ఆగాడు. బయట వాన పెద్దదైంది. నేను అమ్మ మంచం పక్కన, ఆయన గుమ్మంలో. ఆయన తరఫున అడగడానికి గానీ, ఆవిడ తరఫున చెప్పడానికి గానీ నాకు నోరు రాలేదు.

చాలాసేపటికి నాన్న కిందికి వంగాడు. మంచం కాళ్ళ దగ్గర్నుంచి గుమ్మం వైపుకి నేను నెట్టి ఉంచిన బకెట్టు అందుకున్నాడు. పొద్దుటి దుప్పట్లు అందులోనే ఉన్నాయి. వాటిని తీసుకుని వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి వానలోనే కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.